అత్తగారు కొప్పు విప్పిన వేళ

తెర మీద ముసలమ్మ చేతికర్రను చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, తల మీది కొప్పు విప్పింది. తెల్లటి జుట్టు భుజాల మీద పడింది. దాన్ని తీరుబడిగా ఒకసారి విదిలించి, మళ్ళీ చుట్టి ముడి వేసుకుంది. వడ్రంగి నోరు వెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళుగా ఆ ముసలమ్మ చేతిలో తన్నులు తింటున్నాడు. ఆమె కర్ర ఎన్ని రకాలుగా తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. కానీ ఆమె జుట్టు విరబోసుకోగలదని ఆ రోజు దాకా అతనికి తెలియదు. ముందుగా వచ్చింది నవ్వే. పగలబడి నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అతనికి తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ నవ్వు సంగతి అర్థం కావాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. ఇరుకు వీధిలో రెండంతస్తుల ఇల్లు. పైన అక్కా బావా ఉంటారు. కింద ముందుగది వడ్రంగి పనిశాల, వెనకగదిలో అతని కాపురం. కాపురమంటే పెద్దగా ఏమీ లేదు, ఒక మంచం, ఒక పొయ్యి, ఒక టీవీ. అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. బావ ఇంట్లోనే గడియారాలు బాగుచేస్తాడు. అతని గది సరిగ్గా వడ్రంగి మంచం నెత్తిన ఉంటుంది. బాగుపడ్డ గడియారాలు నిజంగా బాగుపడ్డాయో లేదో తేలేదాకా ఆ గది గోడలకే వేలాడుతూ, గంట గంటకీ ఒకదాని వెనక ఒకటి మోగుతుంటాయి. కింద చిత్రిక పట్టుకునేవాడికి వేరే గడియారంతో పనిలేదు.

వడ్రంగిది ముక్కుసూటి వ్యవహారం. అవతలివాళ్ళు తలుపు బిగుసుకుపోయిందని చెప్పడం పూర్తయ్యేలోగా అతను దానికి భుజం ఆనించి ఉంటాడు. కలప అడితిలో లెక్కలు చూసే ఆవిడ మీద మనసు పడితే, ఒక మాటా ఒక పలకరింపూ లేకుండా ఎదురుగా వెళ్ళి నిలబడి, "నేను మీకు నచ్చుతానా, నచ్చనా?" అని అడిగేశాడట. ఆవిడ బెదిరిపోయి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు కూడా తను బిగించిందేనని బావ దగ్గర వాపోయాడు. బావ ఆ ముక్కను ఏళ్ళ తరబడి వాడుకున్నాడు.

ఆట మొదలైంది సిగరెట్ల వల్ల. మానెయ్యమని డాక్టరు గట్టిగా చెబితే బావ మానేశాడు గానీ, అతని వేళ్ళకు తోచలేదు. భోజనాల దగ్గర చెంచాలు తిప్పేవాడు, మాట్లాడుతున్నవాళ్ళ చొక్కా గుండీలు పీకేవాడు. అక్క విసిగిపోయి, "ఈ చేతులకు ఏదో ఒక పని తగలెయ్యాలి" అని ఆటల పెట్టె ఒకటి తెచ్చి పడేసింది. దాంతోపాటు వచ్చిందే ఆ తన్నులాట. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఒకరినొకరు బాదుకుంటారు, ఎవరి సత్తువ గీత ముందు అయిపోతే వాళ్ళు కింద పడతారు. అంతే సంగతి. అంతమాత్రానికే ఇద్దరు పెద్దమనుషులు అన్నాలు మరిచిపోతారని అక్క కలలో కూడా అనుకోలేదు.

బావ పొడుగాటి కర్ర ఉన్న ముసలమ్మను ఎంచుకున్నాడు. "దగ్గరికి ఎవర్నీ రానివ్వదు, దూరం నుంచే పొడుస్తుంది. అచ్చం మా అత్తగారే" అన్నాడు. బావకు అత్తగారంటే వడ్రంగికి కన్నతల్లి. అతను ఒంటికాలి మీద లేచాడు. అక్క మాత్రం నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. అలా ఆ ముసలమ్మకు అత్తగారు అనే పేరు స్థిరపడింది. వడ్రంగి ఎంచుకున్నది గుమ్మం పట్టనంత కుస్తీవాడిని. వాడి చేతిలో ఆయుధం లేదు, విసరడానికి రాయి కూడా లేదు. కానీ దగ్గరికెళ్ళి పట్టుకున్నాడా, ఎత్తి కుదేస్తే అవతలివాళ్ళ సత్తువ సగానికి సగం పోతుంది. వాడికి ఎద్దు అని పేరు పెట్టింది కూడా బావే.

కాబట్టి వడ్రంగి ఆటంతా ఒకే ఒక్క చిక్కు చుట్టూ తిరిగేది. దగ్గరికి వెళ్ళేదెలా?

మొదట్లో దూకేవాడు. గాల్లో ఉన్నప్పుడు ఎద్దు దెబ్బ కాచుకోలేదు. అత్తగారు కర్రను నిట్టనిలువునా ఎత్తి పట్టుకుంటే చాలు, ఎద్దు వెళ్ళి దాని మీద పడి వెల్లకిలా తిరిగి వచ్చేది. పక్కనే కూర్చున్న బావ తల తిప్పకుండా "వచ్చావుగా!" అనేవాడు. ఆ ఒక్కమాటే. తిట్టినా అంత మండదు.

దూకడం మానేసి పరుగు మొదలుపెట్టాడు. పరుగెత్తేవాడి మోకాళ్ళ కింద కర్ర పెట్టడం అత్తగారికి చిటికెలో పని. "వచ్చావుగా!" ఆ తర్వాత కాచుకుంటూ నడవడం నేర్చాడు. బెత్తెడు ముందుకేసి, ఆగి, దెబ్బను మోచేతుల మీద తీసుకుని, మళ్ళీ బెత్తెడు. అలా జరిపి జరిపి ఆమెను తెర అంచుకు చేర్చితే ఇక వెనక్కి పోయే దారి ఉండదు. ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసేది, సగం దారిలో అతనికి విసుగు పుట్టకపోతే. పుట్టేది. తర్వాత మోసపు నడక నేర్చాడు. కర్ర కొన అందే అంచుదాకా వెళ్ళినట్టే వెళ్ళి గభాలున వెనక్కి తగ్గితే, ఆమె గాలిని పొడుస్తుంది. ఆ కర్ర వెనక్కి మళ్ళేలోగా లోపలికి చొరబడాలి. ఒకసారి పడగొట్టాక దూరం పోకుండా పక్కనే కాచుకుని, లేస్తూ తంతుందా, లేస్తూ కాచుకుంటుందా అని ఊహించి పట్టెయ్యాలి. ఇవన్నీ చెక్క మీద గీత గీసినంత శ్రద్ధగా నేర్చాడు. నేర్చుకుంటూనే ఓడిపోయాడు.

ఎందుకంటే బావ బలం కర్రలో లేదు, ఆగి నిలబడటంలో ఉంది. అత్తగారు ఉన్నచోటనే ఒక పాదం ముందుకూ ఒక పాదం వెనక్కూ ఊగుతూ నిలబడేది. కొట్టదు, పారిపోదు. చూస్తూ ఉంటుంది. అది చూస్తుంటే వడ్రంగికి ఒళ్ళంతా దురదపెట్టేది. చివరికి ఆగలేక మీదపడేవాడు. "వచ్చావుగా!"

ఒకే గదిలో కూర్చుని ఆడినన్నాళ్ళూ కొట్లాటలే. నా వేళ్ళు చూస్తున్నావని బావ, నన్ను మోచేత్తో పొడుస్తున్నావని బావమరిది. ఒకరోజు ఆ పెనుగులాటలో అక్క పూలకుండీ బద్దలైంది. అక్క నిప్పులు చెరిగి, "ఒకడు పైన, ఒకడు కింద. ఇద్దరూ ఒక గదిలో కనిపించారో, పెట్టె వీధిలో ఉంటుంది" అని తీర్పు చెప్పేసింది. వడ్రంగి తనకొక పెట్టె కొనుక్కున్నాడు. బావ కిటికీలోంచి ఒక తీగ వదిలితే, అది వాననీటి గొట్టం పక్కగా దిగి వడ్రంగి కిటికీలోకి వచ్చింది. మాట్లాడుకోవడానికి నేల ఉండనే ఉంది. బావ కాలితో నేల మీద ఒకటి తన్నాడంటే "రా, చూసుకుందాం" అని అర్థం. వడ్రంగి చీపురుకర్రతో పైకప్పును ఒకటి పొడిచాడంటే "వస్తున్నా" అని.

రౌండుకింత అని ఆటలో ఒక గడువు ఉంటుంది. బావ దాన్ని తీయించేశాడు. "పొద్దస్తమానం గడియారాల మొహాలే చూస్తున్నా, ఇక్కడ కూడానా?" అన్నాడు. అప్పట్నుంచి ఎవరో ఒకరు పడేదాకా రౌండు సాగవలసిందే.

బావ గది తలుపు గడియ సంగతి ఇంకా విచిత్రం. ఓడిపోయినప్పుడల్లా వడ్రంగి మెట్లెక్కి పైకి పరుగెత్తి, బావ గదిలో దూరి వాదన పెట్టుకునేవాడు. ఒకనాడు బావ అతన్ని పిలిచి, "ఒరేయ్, ఈ గదికి కొత్త తలుపు చెయ్యి. లోపలివైపు మాంచి గడియ పెట్టు. నువ్వు రాకుండా ఉండటానికే. నువ్వే బిగించు" అన్నాడు. "ఎంత గట్టిది కావాలి?" అన్నాడు వడ్రంగి, రోషంగా. "నువ్వు గుద్దినా ఊడనంత." అలాంటిదే బిగించాడు. పనిలో మాట పడటం అతనికి చావుతో సమానం. కానీ ఆ తలుపులో ఒక దొంగపని జరిగింది. కింది పలకకు సరిపోయే వెడల్పు చెక్క దొరక్క రెండు ముక్కలు జిగురుతో అతికించి, అతుకు కనబడకుండా రంగు పట్టించాడు. అతుకు పెట్టొద్దని బావ ముందే చెప్పి ఉన్నాడు. గడియారాల లోపలి పళ్ళచక్రాలు చూసే కళ్ళకు అది కనిపించలేదంటే వడ్రంగికి ఒకపక్క గర్వం, ఒకపక్క గుబులు.

ఇక ఆ వారం. వరసగా ఓడి ఓడి, మెట్లమీద కూలబడి ఉన్న బావమరిది పక్కన బావ వచ్చి కూర్చున్నాడు.

"నీకు రాని విద్య లేదురా. ఓపిక ఒక్కటే లేదు. నేను ఏమీ చెయ్యక్కర్లేదు. ఆగితే చాలు, నువ్వే వస్తావు. నువ్వు వస్తావని నాకు తెలుసు. అందుకే గెలుస్తున్నా" అన్నాడు.

"రాను పో. ఈసారి చూడు, నువ్వు పిలిచినా రాను" అన్నాడు వడ్రంగి.

"పందెమా?"

"పందెమే!"

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆట పెట్టుకున్నారు. అక్క దుకాణానికి వెళ్ళింది. మొదటి రౌండులో వడ్రంగి నిజంగానే అడుగు కదపలేదు. దవడలు బిగబట్టి, కాచుకునే బొత్తాం నొక్కిపట్టి కూర్చున్నాడు. అత్తగారు ఊగింది, ఎద్దు చూసింది. ఊగింది, చూసింది. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి బావకే విసుగు పుట్టి, అత్తగారు ఒకడుగు ముందుకేసింది. ఎద్దు ఒడిసిపట్టి కుదేసింది. వడ్రంగి చీపురుకర్రతో పైకప్పును టకటకా వాయించాడు. సున్నం రాలి కంట్లో పడినా సంతోషంగానే ఉంది. రెండో రౌండు మొదలయ్యేసరికి పైన గడియారాలు మూడు కొట్టడం మొదలుపెట్టాయి. ఒకటి, దాని వెనక ఇంకొకటి, బద్ధకంగా ఆఖరుది. ఆఖరుది ఆగిందో లేదో, నెత్తిన దబ్బుమని చప్పుడైంది.

బావ కాలు తన్నాడు. రమ్మంటున్నాడు. పందెం ఓడించడానికి రెచ్చగొడుతున్నాడు.

"రాను బావా! నువ్వే రా!" అని పైకప్పుకేసి అరిచాడు వడ్రంగి.

అత్తగారు నిలబడి ఉంది. ఊగడం కూడా లేదు. పాదాలు నేలకు అంటుకుపోయినట్టు నిలబడింది. ఓహో, నన్ను చూసి నేర్చుకున్నాడన్నమాట, అనుకున్నాడు వడ్రంగి. నా మందు నాకే పోస్తున్నాడు. అతనికి ఎక్కడలేని ఓపిక వచ్చింది. కాళ్ళు చాపుకున్నాడు. ఒంటిచేత్తో బొమ్మను ఆడించే మీట పట్టుకునే, రెండో చేత్తో చెంబందుకుని నీళ్ళు తాగాడు. అత్తగారు నిలబడే ఉంది. అప్పుడే ఆమె కర్రను చంకలో పెట్టుకుని కొప్పు విప్పింది, అతను పగలబడి నవ్వాడు.

ఇదేదో కొత్త ఎత్తు, అనుకున్నాడు. ఏ బొత్తాం నొక్కితే వస్తుందో ఇన్నాళ్ళు దాచిపెట్టాడు ముసలాడు. మెచ్చుకోకుండా ఉండలేక మీట పక్కన పెట్టేసి రెండు చేతులా చప్పట్లు కొట్టాడు. "శభాష్ బావా!" అన్నాడు. మీట పక్కనే పడి ఉంది. అతను నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు తెర మీద ఎద్దు తల ఒక పక్కకు వంచి, తీరుబడిగా మెడ గోక్కుంది.

ఎద్దు మెడ గోక్కోవడం అతను ఎన్నడూ చూడలేదు. తను ఏమీ నొక్కలేదు. తన చెయ్యి మీట మీద లేదు. అందుకే గోక్కుంది. ఇన్నేళ్ళలో ఆట నడుస్తుండగా చెయ్యి తీసినవాడు ఇద్దరిలో ఎవడూ లేడు గనుక బొమ్మలకు ఇలాంటి పనులు ఉన్నాయనే వాళ్ళకు తెలియదు. పట్టుకున్న చెయ్యి వదిలేస్తే, బొమ్మ తన పని తను చేసుకుంటుంది. అత్తగారు కొప్పు విప్పింది. పైన మీట మీద బావ చెయ్యి లేదు.

అతని నవ్వు ఆగింది. దబ్బుమన్న ఆ చప్పుడు మళ్ళీ చెవిలో వినబడింది. అది కాలి చప్పుడు కాదు. బావ కాలు తంతే టప్పుమని తేలిగ్గా ఉంటుంది. ఇది బరువుగా పడింది. దాని వెనకే చిన్నదేదో పడి దొర్లిన చప్పుడు కూడా అయింది. ఆ రెండో చప్పుడు అప్పుడే విన్నాడు. విని పక్కకు నెట్టేశాడు.

మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. తలుపు గడియ వేసి ఉంది. "బావా!" అని భుజంతో గుద్దాడు. తలుపు కిక్కురుమనలేదు. మళ్ళీ గుద్దాడు. ఆ గడియ అతను తన చేత్తో బిగించింది, తను గుద్దినా ఊడకూడదని బిగించింది. ఒక్కొక్క మరమేకును ఎంత లోతుకు దింపాడో అతనికి గుర్తుంది. తన పనితనాన్ని తనే నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు. "బావా, పలుకు! పలుకు బావా!" లోపల గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి తప్ప మనిషి అలికిడి లేదు. సుత్తికోసం కిందికి దిగబోయి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. అతుకు!

వెనక్కి వచ్చి, కింది పలక మధ్యలో, తనకు తప్ప ఎవరికీ తెలియని గీత మీద మడమతో తన్నాడు. పలక ఫెళ్ళుమని నిలువునా రెండుగా చీలింది. ముక్కలు పీకి పారేసి, పట్టని సందులోకి తల, భుజాలు దూర్చి, చొక్కా చిరిగి వీపు గీరుకుపోతున్నా లోపలికి పాకాడు.

బావ కుర్చీకీ బల్లకీ మధ్య పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. నోరు ఒక వైపుకు జారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వడ్రంగి వంకే చూస్తున్నాయి. ఎడమ చెయ్యి ఒక్కటీ నేల మీద ఏదో వెతుక్కుంటున్నట్టు కదులుతోంది. మీట బల్ల కింద పడి ఉంది. టీవీలో అత్తగారు మళ్ళీ కొప్పు విప్పింది.

ఆస్పత్రిలో వడ్రంగి చిరిగిన చొక్కాతోనే నిలబడి ఉన్నాడు. అక్క దుకాణం నుంచి ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చింది, మెడలో ఆ దుకాణం గుర్తింపు చీటీ కూడా తియ్యలేదు. డాక్టరమ్మ గబగబా వచ్చి, "మెదడులో రక్తం గడ్డకట్టింది. కరిగించడానికి మందుంది. కానీ ఎప్పుడు పడిపోయారో ఖచ్చితంగా తెలిస్తేనే ఇవ్వగలం. తెలియకుండా ఇస్తే ప్రమాదం. ఎవరైనా చూశారా?" అని అడిగింది.

"పైన ఒక్కరే ఉన్నారండీ" అంది అక్క ఏడుస్తూ. "గదిలో గడియ వేసుకుని ఉన్నారు. ఎవరు చూస్తారు?"

వడ్రంగి అక్క వంక చూశాడు. చూడలేదనడం ఎంత తేలిక! వెళ్ళేసరికి పడి ఉన్నాడంటే సరిపోతుంది, ఎవరూ అడగరు. కానీ మందు ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది.

"మూడు గంటలకండీ" అన్నాడు. "పైన గడియారాలు మూడు కొట్టడం ఆగగానే పడ్డాడు. ఆ చప్పుడు నేను విన్నాను."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగానండీ. నా నెత్తి మీదే పడ్డాడు."

డాక్టరమ్మ ఇంకొక్క ప్రశ్న వెయ్యకుండా లోపలికి పరుగెత్తింది. అక్క మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఏడుపు ఆగిపోయింది. తమ్ముడి మొహంలోకి, ఎవరో ముక్కూమొహం తెలియనివాడిని చూసినట్టు చూసింది.

"విన్నావా? మరి వెంటనే వెళ్ళలేదా?"

"కాలితో తన్నాడనుకున్నా అక్కా. రమ్మని పిలుస్తున్నాడనుకున్నా."

"పిలుస్తున్నాడనుకుని?"

"రానన్నా."

అక్క కొట్టి ఉంటే బాగుండేదని అతను తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. బెంచీ మీద అతనికి ఎడంగా, రెండో చివర కూర్చుంది. మధ్యలో ఇద్దరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కాసేపటికి అటు తిరిగే, "ఆయనకి ఈ సంగతి నేను చెప్పను. నువ్వే చెప్పుకో" అంది.

మందు పనిచేసింది. బావ బతికాడు. కుడిచెయ్యి, కుడికాలు సగం మాట వింటాయి, సగం వినవు. మాట మాత్రం అసలు రాలేదు. తాళం తియ్యడం రానివాడిలా పెదవులు కదిపి, విసుగొచ్చి మూసుకునేవాడు. ఇంటికి తీసుకొచ్చిన రోజు వడ్రంగి అతన్ని దాదాపు ఎత్తుకునే మెట్లెక్కించాడు. గది గుమ్మం దగ్గర బావ ఆగమన్నట్టు గోడ పట్టుకున్నాడు. చీలిన పలక ఇంకా అలాగే ఉంది. ఎడమచెయ్యి చాచి, చీలిక వెంట ఎండిపోయిన జిగురును బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత బావమరిది వంక తిరిగి ఒక్క కనుబొమ్మ పైకెత్తాడు. ఆ చూపుకు వడ్రంగి చెవులు ఎర్రబడ్డాయి. "చెక్క దొరకలేదు బావా" అని గొణిగాడు. బావ గొంతులోంచి గురకలాంటిది వచ్చింది. అది నవ్వని అర్థమయ్యేసరికి వడ్రంగికి ఏడుపొచ్చింది.

అయినా అసలు సంగతి చెప్పలేదు. రోజూ చెబుదామని పైకెక్కడం, దిండ్లు సర్ది, కాలు పట్టి, దిగి రావడం. ముక్కుసూటి మనిషి, ఒక్క మాట కోసం మంచం చుట్టూ తిరిగాడు. మాట్లాడటం మానేసిన అక్క అతని ముందు కంచం పెట్టి వెళ్ళిపోయేది. గడియ ఊడదీసేశాడు. పలక మార్చలేదు, చేతులు రాలేదు.

ఒక మధ్యాహ్నం అక్కే నోరు తెరిచింది. వేళ్ళకు పని చెప్పమన్నారు డాక్టర్లు, పెట్టె పెట్టు, అంది. తీగా వద్దు, పైనా కిందా వద్దు, నా కళ్ళ ముందు ఒకే గదిలో ఆడండి, అంది. వడ్రంగి మీటను బావ ఒళ్ళో పెట్టి, కుడిచేతి వేళ్ళు దాని మీద ఒక్కొక్కటీ సర్ది, రెండో మీటతో పక్కన కూర్చున్నాడు. పెట్టె వెలగకముందే, తెర వంకే చూస్తూ, గబగబా చెప్పేశాడు.

"బావా, ఆ రోజు చప్పుడు విన్నాను. నువ్వు తన్నావనుకున్నా. రానని అరిచాను. కూర్చుని నీళ్ళు తాగాను. నవ్వాను కూడా. నువ్వక్కడ నేల మీద ఉంటే నేను నవ్వాను బావా."

గుమ్మంలో అక్క కదలకుండా నిలబడి ఉంది. బావ అతని వంక తిరగలేదు. తర్వాత ఎడమ బొటనవేలితో పెట్టె వెలిగించి, అత్తగారిని ఎంచుకున్నాడు.

ఆట మొదలైంది. ఆట అనడానికేముంది, కుడిచెయ్యి మొండికేస్తే బావ ఎడమచేత్తోనే అన్నీ నొక్కుతున్నాడు. అత్తగారు తూలుతూ నడుస్తోంది. వడ్రంగి ఎద్దును దూరంగానే నిలబెట్టాడు. మీద పడటానికి చేతులు రాలేదు. అత్తగారు ఒక పాదం ముందుకూ, ఒక పాదం వెనక్కూ ఊగింది. ఊగి, ఊగి, ఆగిపోయింది. పాదాలు నేలకు అంటుకుపోయినట్టు నిలబడింది. ఆమె కర్రను చంకలో ఇరికించుకుంది. రెండు చేతులూ వెనక్కి పోనిచ్చింది. తెల్లటి జుట్టు భుజాల మీద పడింది.

"బావా!"

మీట ఎటు విసిరేశాడో తెలియదు. మోకాళ్ళ మీద పడి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు. "బావా! బావా! అక్కా, రావే!" అని కేకలు పెట్టాడు. బావ కళ్ళు అతని భుజం మీదుగా తెర వంక చూస్తున్నాయి. ఒళ్ళో ఎడమ బొటనవేలు కదిలింది. వెనక కర్ర దెబ్బ ఫట్టుమని మోగింది. ఎవరూ పట్టుకోని ఎద్దు వెల్లకిలా పడింది.

వడ్రంగి తల తిప్పి తెర చూశాడు, మళ్ళీ బావను చూశాడు. అక్క గుమ్మంలో నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బావ జారిన పెదవిని కూడదీసుకున్నాడు. ఒక్కసారి తెరిచి మూశాడు. రెండోసారికి మాట వచ్చింది, ముక్కలు ముక్కలుగా, ఆస్పత్రి నుంచి వచ్చాక మొట్టమొదటి మాట.

"వ... చ్చా... వుగా" అన్నాడు.